బిడ్డ తల ఎముకల అతుకు ముందే మూసుకుందంటే: పరీక్షలు, చికిత్సల మధ్య ఎంపిక ఎలా?

తల ఎముకల అతుకు ముందే మూసుకుపోయిందని బిడ్డకు మూడు నెలలప్పుడు తెలిస్తే తల్లిదండ్రుల ముందు నాలుగు దారులు ఉంటాయి. అదే సంగతి పది నెలలకు తెలిస్తే రెండే మిగులుతాయి. హైదరాబాద్‌లో ఒక వైద్యుడు చిన్న కోతలోంచి కెమెరా గొట్టంతో చేసే ఎండోస్కోపీ చాలంటారు, ఇంకొకరు తల తెరిచి చేసే పెద్ద ఆపరేషనే నయమంటారు, ఇంట్లో పెద్దవాళ్ళు ఆవాల దిండు వేస్తే తల అదే గుండ్రమవుతుందంటారు. ఈ మూడు మాటల మధ్య నలిగిపోతున్న కుటుంబాల కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. ఏ దారి ఎవరికి సరిపోతుందో తేల్చుకోవాలంటే ముందుగా ఆ అతుకులు చేసే పనేమిటో తెలియాలి.

అతుకులు ఎలా ఏర్పడతాయి

పుట్టిన బిడ్డ పుర్రె పైభాగం ఒకే చిప్పగా ఉండదు. నుదుటికి రెండు, నెత్తికి ఇరువైపులా రెండు, వెనుక ఒకటి చొప్పున పెద్ద పలకలు ఉంటాయి. గర్భంలో దాదాపు 8వ వారం నుంచి ఈ పలకల మధ్యభాగాల్లో ఎముక మొదలవుతుంది. చేతుల, కాళ్ళ ఎముకల్లా ముందు మృదులాస్థిగా ఏర్పడి తర్వాత గట్టిపడకుండా, ఇక్కడ పలుచని పొరలోనే నేరుగా ఎముక పుట్టి అంచుల వైపు పాకుతుంది. 16 నుంచి 18 వారాల మధ్య పక్కపక్క పలకల అంచులు దగ్గరకు చేరతాయి కానీ కలిసిపోవు. వాటి మధ్య మిగిలిన సన్నని మెత్తటి కణజాలమే అతుకు. వైద్యులు దీన్ని సూచర్ అంటారు. రెండుకు మించి పలకలు కలిసే చోట అతుకు వెడల్పుగా మిగిలిపోతుంది. మనం మాడు అని పిలిచి ఆముదం అద్దే మెత్తటి చోటు అదే.

నుదుటి మధ్యలో నిలువుగా ఉండేది మెటోపిక్ అతుకు. నడినెత్తి మీద ముందు నుంచి వెనక్కి సాగేది సాజిటల్. మాడు నుంచి రెండు చెవుల వైపు దిగేవి కరోనల్ అతుకులు, వెనుక భాగంలో ఉండేవి లాంబ్డాయిడ్ అతుకులు.

ఎదిగే పిల్ల గౌనుకు లోపల మడత వదిలి కుడతాం, పిల్ల పెరిగిన కొద్దీ ఆ మడత విప్పుతాం. పుర్రెలో అతుకు చేసే పని అదే. మెదడు పెరుగుతూ పలకలను ఎడం చేస్తుంటే, అతుకులోని మూలకణాలు అంచులకు కొత్త ఎముకను చేరుస్తూ, మధ్యలో మాత్రం ఎముక గట్టిపడకుండా కాపాడుతుంటాయి. ఎంత చేర్చాలి, ఎప్పుడు ఆగాలి అన్న సంకేతాల్లో కొన్ని ఎముక కణాల నుంచే వస్తాయి, మరికొన్ని మెదడును కప్పి ఉండే డ్యూరా పొర నుంచి వస్తాయి. మగశిశువు తల చుట్టుకొలత పుట్టినప్పుడు సగటున 34.5 సెంటీమీటర్లుంటే ఏడాదికి 46 సెంటీమీటర్లకు చేరుతుంది. మెదడు పరిమాణం ఆ ఒక్క ఏడాదిలోనే సుమారు రెండింతలవుతుంది. అతుకు తెరిచి ఉండవలసిన అవసరం జీవితంలో అన్నిటికంటే ఎక్కువగా ఉండేది ఆ పన్నెండు నెలల్లోనే.

మాడు సాధారణంగా ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్య, కొందరిలో రెండేళ్ళకు మూసుకుంటుంది. మెటోపిక్ అతుకు 3 నుంచి 9 నెలల మధ్య సహజంగానే కలిసిపోతుంది. అందువల్ల 8 నెలల బిడ్డ స్కాన్‌లో ఆ ఒక్క అతుకు మూసుకుందని రాసి ఉంటే, నుదురు ఆకారం మామూలుగానే ఉన్నప్పుడు అది జబ్బు కిందికి రాదు. మిగతా అతుకులు ఇరవై ఏళ్ళు దాటాకే గట్టిగా కలవడం మొదలుపెడతాయి.

ముందే ఎందుకు మూసుకుంటాయి

సుమారు 2,000 నుంచి 2,500 జననాల్లో ఒకరికి ఏదో ఒక అతుకు వేళ కాకముందే ఎముకగా మారుతుంది. వైద్యులు దీన్ని క్రేనియోసినోస్టోసిస్ అంటారు. ఎక్కువ మందిలో ఒక్క అతుకే మూసుకుంటుంది, మరే లోపమూ ఉండదు, కచ్చితమైన కారణం దొరకదు. గర్భంలో చోటు ఇరుకవడం, కవలలు కావడం, కొన్ని జన్యు మార్పులు కలిసి పనిచేస్తాయని భావిస్తున్నారు. కొందరిలో మాత్రం కారణం స్పష్టంగా తెలుస్తుంది. ‘ఎముకగా మారు’ అన్న సంకేతాన్ని అందుకునే ఎఫ్‌జీఎఫ్‌ఆర్2 జన్యువులో మార్పు వస్తే సంకేతం ఆగకుండా మోగుతూనే ఉంటుంది. పలు లోపాలు కలిసి కనిపించే ఆపర్ట్, క్రూజాన్ సిండ్రోములు ఇలా వచ్చేవే. ఎముకగా మారడాన్ని నిదానింపజేసే ట్విస్ట్1 జన్యువు సగం మాత్రమే పనిచేసినా కరోనల్ అతుకు మూసుకుపోతుంది. ఇవి కాక ఎముకలు మెత్తబడే రికెట్స్ జబ్బు, థైరాయిడ్ హార్మోన్ అధికం కావడం, గర్భంతో ఉన్నప్పుడు తల్లి మూర్ఛకు వాల్‌ప్రోయేట్ మందు వాడి ఉండటం కూడా కారణాలవుతాయి. మెదడే సరిగా పెరగని పిల్లల్లో అతుకును ఎడంగా ఉంచే తోపుడు ఉండదు కనుక అది దానంతట అదే మూసుకుంటుంది. అలాంటప్పుడు పుర్రెను తెరిస్తే మెదడు పెరగదు. 1890 ప్రాంతంలో పారిస్‌లోనూ శాన్‌ఫ్రాన్సిస్కోలోనూ ఈ తేడా తెలియక చేసిన తొలి ఆపరేషన్లు చాలామంది పిల్లలకు మేలు చేయలేకపోయాయి, కొందరి ప్రాణాలు తీశాయి.

గ్రహణం చూసినందువల్లో, లాలపోసేటప్పుడు తల సరిగా ఒత్తకపోవడం వల్లో అతుకు మూసుకోదు. ఈ మాట తల్లికి ఇంట్లో ఎవరో ఒకరు గట్టిగా చెప్పి తీరాలి.

ఒక అతుకు మూసుకుంటే తల ఆ అతుకుకు అడ్డంగా పెరగలేక, దాని వెంబడి ఎక్కువగా పెరుగుతుంది. జర్మన్ వైద్యుడు విర్కో 1851లో గమనించిన ఈ సూత్రంతో తల ఆకారాన్ని చూసే అతుకును పోల్చవచ్చు. సాజిటల్ మూసుకుంటే తల పడవలా సన్నగా, పొడుగ్గా అవుతుంది. మెటోపిక్ మూసుకుంటే నుదురు ముందుకు మొనదేలి, పై నుంచి త్రికోణంలా కనిపిస్తుంది. ఒకవైపు కరోనల్ మూసుకుంటే ఆ వైపు నుదురు చదునై, కనుబొమ్మ పైకి లేస్తుంది. రెండు వైపులా మూసుకుంటే తల పొట్టిగా, వెడల్పుగా, ఎత్తుగా మారుతుంది.

దేన్ని బట్టి తూచాలి

నా దృష్టిలో అన్నిటికంటే ముందు చూడాల్సింది బిడ్డ వయసు, అదీ వారాల్లో. రెండోది, మూసుకున్నది ఏ అతుకు, ఒకటా అంతకంటే ఎక్కువా అన్నది. మూడోది లోపలి పీడనం. ఒక్క అతుకు మూసుకున్న పిల్లల్లో తక్కువ మందికే తలలో పీడనం పెరుగుతుంది, రెండు మూడు మూసుకున్న వారిలో ఆ ముప్పు బాగా ఎక్కువ. నాలుగోది బిడ్డ బరువు, రక్తం. పసిబిడ్డ ఒంట్లో కిలోకు సుమారు 80 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది కనుక 5 కిలోల బిడ్డ మొత్తం రక్తం 400 మిల్లీలీటర్లే, అందులో 100 పోవడమంటే పావు వంతు పోవడం. పైగా 2, 3 నెలల వయసులో హిమోగ్లోబిన్ సహజంగానే తగ్గి ఉంటుంది. ఐదోదాన్ని ఆసుపత్రిలో ఎవరూ అడగరు: ఆపరేషన్ తర్వాత నెలల తరబడి తిరగగల ఓపిక, తీరిక, ప్రయాణ సౌకర్యం ఆ కుటుంబానికి ఉన్నాయా? కోత ఎంత పొడవన్న ప్రశ్నకు వీటన్నిటి తర్వాతే చోటివ్వాలి. అయినా చాలామంది దానితోనే మొదలుపెడతారు.

మొదటి మలుపు: పడక వల్లనా, అతుకు వల్లనా

తల ఆకారం బాగోలేదని వచ్చే పిల్లల్లో ఎక్కువమందికి అతుకులు బాగానే ఉంటాయి. ఒకే వైపు తల పెట్టి పడుకోవడం వల్ల, లేదా మెడ ఒక పక్కకు బిగుసుకుపోవడం వల్ల వెనుక భాగం చదునవుతుంది. నిజంగా లాంబ్డాయిడ్ అతుకు మూసుకోవడం చాలా అరుదు. బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకుని నడినెత్తి పై నుంచి చూస్తే రెండింటికీ తేడా చాలావరకు తెలుస్తుంది.

| చూడాల్సినది | పడక వల్ల చదునైన తల | లాంబ్డాయిడ్ అతుకు మూసుకున్న తల |
|---|---|---|
| పై నుంచి ఆకారం | ఒక పక్కకు తోసిన చతురస్రంలా | ఒక వైపు కురచైన ట్రెపీజియంలా |
| చదునైన వైపు చెవి | ముందుకు జరిగి ఉంటుంది | వెనక్కి, కిందికి లాగినట్లుంటుంది |
| చెవి వెనుక ఎముక | మామూలుగా | ఉబ్బుగా |
| ఎప్పటి నుంచి | పుట్టాక కొన్ని వారాలకు | పుట్టినప్పటి నుంచి |
| 6 నెలలు దాటాక | నెమ్మదిగా మెరుగవుతుంది | ఇంకా పెరుగుతుంది |

పడక వల్ల వచ్చిందైతే బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు రోజుకు పలుమార్లు బోర్లా పడుకోబెట్టడం, తల తిప్పే వైపు మార్చడం, మెడ బిగువుంటే ఫిజియోథెరపీ చాలావరకు సరిపోతాయి. ఇలాంటి తలకు ఆకారం మలిచే ఖరీదైన హెల్మెట్ కొనమని ఎవరైనా తొందరపెడితే ఆగి ఆలోచించండి. 2014లో వెలువడిన నెదర్లాండ్స్ పరీక్షలో ఒక మోస్తరు నుంచి తీవ్రంగా చదునైన తలలున్న పిల్లల్లో హెల్మెట్ పెట్టినవారికీ పెట్టనివారికీ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇక ఆవాల దిండు మూసుకున్న అతుకును తెరవలేదు. అతుకులు బాగున్న బిడ్డకైనా ఏడాదిలోపు నిద్రలో దిండు పెట్టకపోవడమే క్షేమం, వెల్లకిలా పడుకోబెట్టడం మాత్రం మానకూడదు.

ఏ పరీక్ష చేయించాలి

అనుభవమున్న సర్జన్ చేత్తో తడిమి, కళ్ళతో చూసి చాలా సందర్భాల్లో నిర్ధారిస్తారు. అందుకే స్కాన్ తీయించుకుని డాక్టర్‌ను వెతకడం కంటే ముందు డాక్టర్‌కు చూపించి స్కాన్ సంగతి తేల్చుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఎక్స్-రే చవక, కానీ తొలి నెలల్లో ఎముకలు ఇంకా పలుచగా ఉండటం వల్ల స్పష్టత తక్కువ. అల్ట్రాసౌండ్‌లో రేడియేషన్ లేదు, చిన్న పిల్లల్లో అతుకు తెరిచి ఉందో లేదో బాగా చెప్పగలదు, అయితే చూసే రేడియాలజిస్టుకు అందులో అనుభవం ఉండాలి. త్రీడీ సీటీ స్కాన్ అన్నిటికంటే స్పష్టమైనది, ఆపరేషన్ నిర్ణయించాక చాలాచోట్ల అదే కోరతారు. దానికి రేడియేషన్ మూల్యం ఉంది కనుక పిల్లలకు సరిపోయే తక్కువ మోతాదులో తీయమని అడగండి, ఇంకో డాక్టర్‌కు చూపించాలంటే మళ్ళీ తీయించకుండా ఫిల్ముతో పాటు సీడీ కూడా తీసుకుని దాచుకోండి. ఎమ్మారై ఒంటరి అతుకుకు సాధారణంగా అవసరం పడదు, సిండ్రోము అనుమానం ఉన్నప్పుడు మెదడును చూడటానికి తీస్తారు.

చికిత్సల్లో ఏది ఎవరికి

ఆపరేషన్ చేయకుండా గమనించడం కూడా ఒక దారే. నుదుటి మధ్య సన్నని గట్టులా తగులుతూ, నుదురు త్రికోణం కాకుండా ఉన్న పిల్లలకు ఇదే సరైనది. మూడు నాలుగేళ్ళ వయసులో అనుకోకుండా బయటపడి, ఆకారంలో తేడా స్వల్పంగా ఉండి, కంటి పరీక్షలో పీడనం ఆనవాళ్ళు లేని పిల్లలకు కూడా చాలామంది సర్జన్లు ఇదే సూచిస్తారు. అయితే గమనించడమంటే ఇంట్లో కూర్చుని ఎదురుచూడటం అని అర్థం చేసుకోకూడదు. చుట్టుకొలత కొలిపించాలి, పిల్లల కంటి వైద్యుడి చేత కంటి వెనుక భాగం చూపించాలి, తలనొప్పి, వాంతులు, నేర్చుకోవడంలో వెనుకబాటు కనిపిస్తే వెంటనే చెప్పాలి.

ఆపరేషనే కావాలన్నప్పుడు ప్రధానంగా మూడు పద్ధతులు.

| అంశం | ఎండోస్కోపీ, తర్వాత హెల్మెట్ | స్ప్రింగులు | తల తెరిచి ఎముకలు సరిచేయడం |
|---|---|---|---|
| తగిన వయసు | 3 నెలల దగ్గర, 6 నెలలు దాటకుండా | ఎక్కువగా 3–6 నెలలు | 6–12 నెలలు, తర్వాత కూడా |
| కోత | 2–3 సెం.మీ.వి ఒకటి, రెండు | చిన్నవి | చెవి నుంచి చెవి వరకు |
| పట్టే సమయం | గంట అటూఇటూ | గంట అటూఇటూ | కొన్ని గంటలు |
| రక్తం ఎక్కించడం | తక్కువమందికి | తక్కువమందికి | ఎక్కువమందికి |
| ఆసుపత్రిలో | 1–2 రోజులు | కొద్ది రోజులు | 4–7 రోజులు, మొదట ఐసీయూ |
| తర్వాత భారం | నెలల తరబడి హెల్మెట్ | స్ప్రింగులు తీయడానికి రెండో ఆపరేషన్ | తనిఖీలు మాత్రమే |
| ఏ అతుకుకు | సాజిటల్‌కు బాగా, మిగతావాటికీ | ముఖ్యంగా సాజిటల్ | అన్నిటికీ |

ఎండోస్కోపీ పద్ధతి 1990ల చివర అమెరికాలో మొదలైంది. మూసుకున్న అతుకు ఉన్న చోట ఎముకను పట్టీలా తీసేస్తారు. తర్వాత తలకు ఆకారం ఇచ్చేది ఎదుగుతున్న మెదడు, దానికి దారి చూపేది హెల్మెట్. కాబట్టి ఆపరేషన్ సగం పనే చేస్తుంది. మిగతా సగం రోజుకు 23 గంటలు హెల్మెట్ పెట్టించే తల్లిదండ్రుల చేతిలో ఉంటుంది, అది బిడ్డకు ఏడాది నిండే వరకు సాగవచ్చు. తల పెరిగిన కొద్దీ హెల్మెట్ సరిచేయించుకోవడానికి రెండు మూడు వారాలకోసారి వెళ్ళాలి, మధ్యలో కొత్తది చేయించాల్సి రావచ్చు. ఏప్రిల్, మే ఎండల్లో తల చెమట పట్టి పొక్కులు రావడం, బిడ్డ చిరాకు పడటం చూసి పెద్దవాళ్ళు జాలిపడి తీసేస్తుంటారు. తీసిన గంటలన్నీ ఫలితంలోంచి తరుగుతాయి.

స్ప్రింగుల పద్ధతి స్వీడన్ నుంచి వచ్చింది. ఎముకను కోసి, మధ్యలో ఉంచిన స్టీలు స్ప్రింగులు నెమ్మదిగా పలకలను ఎడం చేస్తాయి, కొన్ని నెలల తర్వాత వాటిని తీసేస్తారు. హెల్మెట్ బాధ తప్పుతుంది కానీ మత్తు రెండుసార్లు ఇవ్వాలి. ఈ పద్ధతి చేసే సర్జన్లు తక్కువ కనుక, మీ డాక్టర్ ఇది సూచిస్తే ఇప్పటివరకు ఎందరికి చేశారో అడగడం మర్యాద తప్పినట్లేమీ కాదు.

తల తెరిచి చేసే ఆపరేషన్ వినడానికి భయపెడుతుంది. ఎముకలను తీసి, ఆకారం సరిచేసి, కాలక్రమంలో ఒంట్లో కరిగిపోయే ప్లేట్లతో బిగిస్తారు. రెండు మూడు రోజులు కళ్ళు వాచి మూసుకుపోతాయి, ఆ రూపం చూడటం తల్లికి చాలా కష్టం, ముందే తెలిసి ఉంటే కొంత ధైర్యంగా ఉండగలుగుతుంది. రక్తదాతలను ముందే సిద్ధం చేసుకోవాలి. దీనికి ఉన్న గొప్ప బలం ఏమిటంటే ఆకారం ఆ రోజే చాలావరకు వచ్చేస్తుంది, ఆ తర్వాత ఇంట్లో వాళ్ళ శ్రమ మీద ఆధారపడదు. కరోనల్, మెటోపిక్ అతుకుల్లో నుదుటినీ కనుగుంతల పై అంచునూ నేరుగా ముందుకు తెచ్చేది ఇదే. మరీ ఆలస్యం మాత్రం మంచిది కాదు: ఏడాది, ఏడాదిన్నర దాటాక ఎముక తీసిన ఖాళీలు తమంతట తాము నిండే శక్తి తగ్గిపోతుంది.

రెండు మూడు అతుకులు మూసుకుని, సిండ్రోము ఉన్న పిల్లల లెక్క పూర్తిగా వేరు. వారికి తరచుగా తల వెనుక భాగాన్ని యంత్రంతో రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున వెనక్కి జరిపే పద్ధతి మొదట ఎంచుకుంటారు, తర్వాతి ఏళ్ళలో మరికొన్ని ఆపరేషన్లు ఉంటాయి. శ్వాస, కళ్ళు, చెవులు, పళ్ళు అన్నీ ఒకే బృందం చూడాల్సిన పిల్లలు వీరు.

మీ పరిస్థితిని బట్టి

బిడ్డకు 3 నెలలలోపు, మూసుకున్నది సాజిటల్, ఇల్లు నగరంలోనే, ఇద్దరిలో ఒకరు ఇంటిపట్టున ఉండగలరు అనుకుంటే ఎండోస్కోపీ వైపే నేను మొగ్గుతాను. అదే వయసు బిడ్డ ఆదిలాబాద్ వైపు ఊరిలో ఉండి, ఒక్కో హెల్మెట్ తనిఖీకి సుమారు 300 కిలోమీటర్లు వచ్చి పోవాలంటే, ఇద్దరూ కూలికి వెళ్ళే కుటుంబమైతే, కొన్ని నెలలు ఆగి తల తెరిచి చేసే ఆపరేషన్ చేయించుకోవడం తక్కువ రకం ఎంపిక కానే కాదు. సగంలో వదిలేసిన హెల్మెట్ కంటే అది బిడ్డకు ఎక్కువ మేలు చేస్తుంది. ఒకవైపు కరోనల్ మూసుకున్న పిల్లల్లో మెల్లకన్ను సమస్య తరచుగా వస్తుంది. ముందుగా ఎండోస్కోపీ చేసిన వారిలో కంటి ఇబ్బందులు తక్కువగా కనిపించిన పరిశీలనలున్నాయి కనుక అలాంటి బిడ్డను తొలి నెలల్లోనే చూపించడం ముఖ్యం. బిడ్డకు ఇప్పటికే 8 నెలలు దాటితే ఎండోస్కోపీ చేయించలేకపోయామని కుమిలిపోవద్దు, తల తెరిచి చేసే ఆపరేషన్‌కు అది సరైన వయసే.

వయసు ఇంత ముఖ్యం కనుక టీకాల తేదీలనే వాడుకోండి. 6, 10, 14 వారాల టీకాలకు ఎలాగూ వెళ్తారు. ఆ మూడుసార్లూ తల చుట్టుకొలత కొలిచి కార్డులో రాయమని, అతుకుల వెంబడి గట్టు తగులుతోందేమో తడిమి చూడమని అడగండి. 14 వారాల నాటికి అనుమానం తేలితే అన్ని దారులూ ఇంకా తెరిచే ఉంటాయి. 9 నెలల టీకా నాటికి గమనిస్తే కొన్ని మూసుకుపోయి ఉంటాయి.

హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ తర్వాత వెళ్ళాల్సింది పిల్లల కేసులు చేసే న్యూరోసర్జన్, తల, ముఖం ఎముకలు సరిచేసే (క్రేనియోఫేషియల్) పనిలో అనుభవమున్న ప్లాస్టిక్ సర్జన్ కలిసి చూసే చోటికి. నీలోఫర్ పిల్లల ఆసుపత్రిలో బిడ్డను చూపించుకునేవారు న్యూరోసర్జరీకి ఎక్కడికి పంపుతారో అక్కడే అడిగి రాయించుకోవచ్చు. నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో న్యూరోసర్జరీ విభాగాలున్నాయి. ఏడాదికి ఇలాంటి ఆపరేషన్లు ఎన్ని చేస్తారు, పిల్లలకు మత్తు ఇవ్వడంలో ప్రత్యేక అనుభవమున్న డాక్టర్ ఉంటారా, పిల్లల ఐసీయూ ఉందా, హెల్మెట్ ఎవరు చేస్తారు, దాని ఖర్చు ఆపరేషన్ బిల్లులో కలిపి ఉందా విడిగానా అన్నవి తప్పక అడగాలి. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడ్మిషన్‌కు ముందే అడగండి. ప్రైవేటు బీమా ఉంటే పాలసీలో పుట్టుకతో వచ్చే లోపాల గురించి ఏం రాశారో చదవండి.

మూసుకున్నది కరోనల్ అయినా, ఒకటికి మించి అతుకులైనా, వేళ్ళు కలిసిపోయి ఉన్నా, తల్లిదండ్రుల్లో ఒకరి తల లేదా ముఖం ఆకారం కూడా అలాగే ఉన్నా జన్యు పరీక్ష చేయించాలి. నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, ఉప్పల్‌లోని డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీలో జన్యు పరీక్షలు జరుగుతాయి. రెండో బిడ్డ గురించి ఆలోచించే వారికి ఈ ఫలితం చాలా అవసరం. ఒక్క సాజిటల్ అతుకే మూసుకుని, కుటుంబంలో మరెవరికీ లేకపోతే మళ్ళీ వచ్చే అవకాశం చాలా తక్కువ. తల్లిదండ్రుల్లో ఒకరికే ఎఫ్‌జీఎఫ్‌ఆర్ లేదా ట్విస్ట్1 మార్పు ఉంటే మాత్రం ప్రతి కాన్పులోనూ ఆ అవకాశం సగానికి సగం.